కారే చోటు వేరు, దిగే చోటు వేరు
(విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇల్లు కారడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. కరువు భత్యం బకాయిల మీద మాట్లాడేవారు చాలామంది ఉన్నారు కనుక ఈ చిన్న విషయం నాకు వదిలారనుకుంటాను. కానీ మన గ్రాట్యుటీలో ఎంత భాగం శ్లాబు మీద పోశామో లెక్క చూసుకుంటే ఇది చిన్న విషయమేమీ కాదు. క్వార్టర్లలో ఉన్నన్నాళ్ళూ వాన కారితే సివిల్ సెక్షనుకు ఒక చీటీ రాసి ఊరుకునేవాళ్ళం. 1937లో మొదలైన మన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఇప్పుడు ఎవరి ఇంటికి వారే సివిల్ సెక్షన్.

మొత్తం శ్లాబు సంగతి పక్కన పెట్టి, ఒక్క చోటు గురించే చెబుతాను. బోధన్‌లో కానీ నిజామాబాద్‌లో కానీ మనవాళ్ళ ఇళ్ళు చూడండి. మొదట రెండు గదులు వేస్తారు. కొడుకు పెళ్ళికి ఇంకొక గది కలుపుతారు. ఆ పాత గోడకూ కొత్త గదికీ కలిసే అతుకు దగ్గరే నూటికి ఎక్కువ తగాదాలు. పాత పునాది ఎప్పుడో కుదురుకుంది. కొత్తది నల్లరేగడిలో వానకు ఉబ్బి, ఎండకు కుంగుతూ ఉంటుంది. దానికి తోడు ఎండ. పది మీటర్ల శ్లాబు ముప్ఫై డిగ్రీల తేడాకు సుమారు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. అంటే ఆ అతుకు రోజూ కదులుతూనే ఉంటుంది. కదిలే చోట మనం సిమెంటు నింపుతాం. అది ఒక్క ఎండాకాలానికే మళ్ళీ నెర్రె విడుస్తుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లల్లో కొందరు సెలవులకు మోటర్ హోమ్ అనే బండిలో తిరుగుతారు. వంటిల్లు, పడకలు అన్నీ ఉన్న బస్సు అనుకోండి. ఆపిన తరువాత బటన్ నొక్కితే ఒక పక్క గోడ గదిలాగా బయటకు జరుగుతుంది. ఆ జరిగే గదికీ బండికీ మధ్య రబ్బరు పట్టీలే ఆధారం. పట్టీ ఎండకు బీటలు వారినా, గది పైకప్పు మీద ఆకులూ నీళ్ళూ నిలిచి ఉండగా లోపలికి లాగినా నీరు లోనికి వస్తుంది. అక్కడ ఎవరూ సిమెంటు పూయరు. గది కదలాలి కదా! మన అతుకు కూడా అటువంటిదే, కాకపోతే కంటికి కనిపించకుండా కదులుతుంది.

ముందు నీరు ఎక్కడ దిగుతున్నదో కనిపెట్టాలి. ఫ్యాను దగ్గర చుక్క పడితే మేస్త్రీ ఫ్యాను పైనే పూత పూసి వెళతాడు. నీరు శ్లాబులో ఆరడుగుల అవతల దిగి, కరెంటు పైపు వెంట నడిచి వచ్చి అక్కడ పడుతుంది. తడి అంచు చుట్టూ పెన్సిలుతో గీత గీసి, తేదీ వేయండి. వాన మొదలైన పది నిమిషాలకే తడిస్తే నెర్రె లేదా అతుకు. వాన వెలిసిన చాలాసేపటికి తడిస్తే పైన నీరు నిలిచి ఇంకుతున్నట్లు. వాన లేకుండానే తడిస్తే స్నానాలగది పైపునో, ట్యాంకునో అనుమానించండి.

పొడి రోజుల్లో పైపుతో పరీక్ష చేయవచ్చు. ముందు కింది గోడ మీద పావుగంట నీళ్ళు వదలాలి. తరువాత అతుకు మీద, ఆ తరువాత పిట్టగోడ మీద. ఒకరు లోపల టార్చి పట్టుకుని చూస్తూ ఉండాలి. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి ఏదీ తేలదు. తూము మూసి శ్లాబు మీద నీళ్ళు నిలబెట్టే పద్ధతి కూడా ఉంది కానీ, పెచ్చులూడి చువ్వలు కనిపించే పాత శ్లాబుకు అది వద్దు. పదడుగుల చదరపు గది మీద రెండంగుళాల నీరంటే దాదాపు 470 కిలోల బరువు. తడిసిన గదికి మెయిన్ స్విచ్ ఆపడం మరవకండి. తడి శ్లాబు మీదికి మనం ఎక్కవద్దు, ఎంత ఓపిక ఉన్నా సరే.

చోటు తెలిశాక పని పెద్దది కాదు. పాత సిమెంటు చెక్కించి, దుమ్ము దులిపించి, పూర్తిగా ఆరనివ్వాలి. సందులో నురుగు తాడు దూర్చి, దాని మీద సాగే రకం పాలీయురెథేన్ సీలెంటు పెట్టించాలి. తాడు ఎందుకంటే, సీలెంటు రెండు పక్కలకే అంటుకోవాలి. అడుగుకు కూడా అంటితే సాగలేక చిరుగుతుంది. దాని మీద మడిచిన జింకు రేకు కప్పించి, ఒక అంచునే గోడకు బిగించాలి. రెండో అంచును వదిలేయాలి. మేస్త్రీ రెండు వైపులా స్క్రూలు వేస్తానంటాడు, ఒప్పుకోవద్దు. తారు పోయిస్తే చవక అని కొందరంటారు. మన మే నెల ఎండకు అది కారుతుంది, రెండేళ్ళకు పెళుసెక్కుతుంది.

మన తాతలు డంగు సున్నంలో బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపి మిద్దెలు వేసేవారు. సున్నం మెత్తని పదార్థం, కొంత కదలికకు ఓర్చుకునేది. చెరకు పండే మన ప్రాంతంలో బెల్లానికి కొదవేముంది? ఇప్పుడా పనివాళ్ళే దొరకరు.

లోపలి గోడకు పుట్టీ, రంగు ఆఖరున. గోడ ఆరడానికి వారాలు పడుతుంది. ఇంట్లో ఆడవాళ్ళు తొందరపెడతారు, మాటపడండి కానీ తడి మీద రంగు వేయించకండి.

పని మృగశిర కార్తెకు ముందే చేయించండి. సీలెంటు గట్టిపడ్డాక అదే చోట మళ్ళీ పావుగంట పైపు పెట్టి, లోపల గీసిన గీత దాటి తడి రాలేదని చూసుకుని, అప్పుడు మేస్త్రీకి మిగిలిన డబ్బు ఇవ్వండి.