పటములోని పొగయోడ



మా సత్యవేటి ప్రాంతమువారికి పడవ యనగా బకింగుహాము కాలువలో తెరచాప యెత్తియో, గట్టుమీదనుండి త్రాళ్లతో లాగియో నడపిన పడవయే. పొగయోడను చూడవలెనన్న గోదావరికి పోవలసినదే. మా ముత్తాతగారు పోయిరి. రాజమహేంద్రవరపు రేవున స్టీమరు ముందర ఆయనయు, మరియొకరును నిలిచియున్న ఛాయాచిత్రము మా యింట నున్నది. ఆ రెండవవారు 1896లో విషూచిచే గతించిన ఆయన తమ్ముడని ఇంటిమాట. ఏటేట ఆబ్దికమునాడు ఆ పటమునకే దండ వేయుచుంటిమి.

ఆ స్టీమరు కథ తెలిసికొనగోరి భూతద్దముతో పరిశీలించితిని. పొగగొట్టము వెనుక కంచెవలె కనబడినది కంచె కాదు. రైలువంతెన దూలముల వరుస! హేవలాకు వంతెన పని 1897 నవంబరులో ఆరంభమైనది. దానిపై రైళ్లు నడచినది 1900లో. వంతెన కనబడకున్న నేమియు తేలదు, కెమేరా వేరొక దిక్కునకు తిరిగియుండవచ్చును. కనబడెనా, ఇక వాదము లేదు. ఓడ వయస్సు మాత్రము దీనిచే తెలియదు. కాటను దొర ఆనకట్ట 1852లో ముగిసిన కొలది యేండ్లకే ఆ నదిలో పొగయోడలు తిరిగినవి.

నేను వెదకినది ఓడను, పోగొట్టుకొన్నది చినముత్తాతగారిని. పటము తీసివేయుదునన్నచో మా మేనత్తగారు ఒప్పుకొనలేదు. "ఇన్నేండ్లు దండ వేసితిమి గదా, ఎవరైనను మనవాడే" అనిరి. వెనుక పెన్సిలుతో "1897కు పిమ్మట, రెండవవారు తెలియరు" అని వ్రాసి మరల గోడకు తగిలించితిని.