పునరుత్థానము: నమ్మినవాని సందేహము



క్రైస్తవుల పండుగలలో క్రిస్మసు అందరికిని తెలిసినది. నక్షత్రము, పశుశాల, పసిబాలుడు - వీనిని ఎవ్వరును ఆక్షేపింపరు. ఈస్టరు వచ్చునప్పటికి మాట కష్టమగును. సిలువమీద మరణించి, సమాధి చేయబడిన యేసు మూడవనాడు సజీవుడై లేచెనని ఆ పండుగ చాటుచున్నది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో మావంటి క్రైస్తవ కుటుంబములు సంఖ్యకు కొద్ది. మా ఇరుగుపొరుగువారు హిందువులు, ముస్లిములు. అందరిదియు ఒకే బజారు, ఒకే బస్సు, ఒకే బడి. కనుక ఈ ప్రశ్న మాకు తరచుగా ఎదురగుచుండును: "చచ్చినవాడు లేచెనని మీరు నిజముగా నమ్ముదురా?" అడుగువారిలో ఎగతాళి తక్కువ, ఆశ్చర్యమే ఎక్కువ. అయితే ఈ ప్రశ్న వెలుపలినుండి మాత్రమే వచ్చునది కాదు. ఆప్తుని మట్టిచేసి వచ్చిన రాత్రి అది మా ఇండ్లలోనే, మా నోటనే పుట్టును. నమ్మినవానికి ఇట్టి సందేహము తగునా? కలిగినప్పుడు దానిని ఏమి చేయవలెను? ఈ విషయమును గురించి నేడు కొంత ముచ్చటింతుము.

మొదట మాటను సరిచూతము. పునరుత్థానమనగా మరల లేచుట. గ్రీకు మూలములోని 'అనస్తాసిస్' అను పదమునకును లేచి నిలుచుట అనియే అర్థము. కార్తికమాసమున విష్ణువు యోగనిద్రనుండి లేచు దినమును పెద్దలు ఉత్థాన ఏకాదశి అందురు. ఆ మాటయే ఇందును కలదు. వినువారు దీనిని పునర్జన్మతో కలిపివేయుట కద్దు. రెండును వేరు. పునర్జన్మలో ఆత్మ ఒక దేహమును విడిచి మరియొక దేహమును ధరించును. భగవద్గీత దీనిని పాతబట్ట విడిచి క్రొత్తబట్ట కట్టుటతో పోల్చినది. మరమగ్గముల ఊరైన సిరిసిల్లలో ఈ పోలిక ఎవరికైనను ఇట్టే బోధపడును. మేము చెప్పునది వేరు. చినిగిన ఆ బట్టయే నశింపక, నేతగాని చేతిలో క్రొత్తదయ్యెనని మా మాట.

ముస్లిము సోదరులు ఖియామతు దినమున మృతులందరును లేపబడుదురని నమ్ముదురు; అది వారి విశ్వాసమునకు మూలస్తంభములలో ఒకటి. అయితే యేసు సిలువపై చంపబడలేదనియు, దేవుడాయనను తనయొద్దకు ఎత్తుకొనెననియు ఖురాను చెప్పుచున్నది. కనుక ఒక పొరుగువానికి దేహము లేచుటయే వింత. మరియొక పొరుగువానికి సిలువపై మరణించి, అంత్యదినమునకు ముందే ఒక్కడు లేచుట వింత.

ఈ వింత నేటిది కాదు. యేసు కాలమందే యూదులలో సద్దూకయ్యులు పునరుత్థానము లేదనిరి, పరిసయ్యులు కలదనిరి. పౌలు ఏథెన్సు నగరమున ఈ సంగతి ఎత్తగానే కొందరు నవ్విరనియు, కొందరు మరియొకప్పుడు విందుమని తప్పుకొనిరనియు అపొస్తలుల కార్యముల గ్రంథమువలన తెలియుచున్నది.

మన దేశమున మరణమును గూర్చిన సందేహమునకు గౌరవస్థానమే కలదు. జగిత్యాలకు చేరువ గోదావరి ఒడ్డుననున్న ధర్మపురి క్షేత్రమున యమధర్మరాజునకు ఆలయమున్నది. కఠోపనిషత్తులో నచికేతుడను బాలుడు ఆ యముని వాకిటనే మూడు రాత్రులు నిరాహారుడై వేచియుండి, మరణించినవాడు ఉన్నాడా లేడా అను సందేహమునే మూడవ వరముగా తీర్పుమని అడిగెను. ధనమిచ్చెదను, దీర్ఘాయువిచ్చెదను, ఆ ఒక్కటి అడుగవలదని యముడన్నను బాలుడు విడువలేదు. యముడు కోపింపలేదు, మెచ్చుకొనెను. మరణమును గూర్చి అడుగుట పాపము కాదని ఈ నేల ఎరుగును. క్రైస్తవ గ్రంథము ఎరుగునా? ఎరుగుననియే మా మనవి.

కరీంనగరము ప్రాంతమునకు 19వ శతాబ్దపు చివరి దశకములలో సువార్తను తెచ్చినవారు వెస్లియన్ మెథడిస్టు మిషనువారు. వారి పని 1947లో దక్షిణ ఇండియా సంఘములో కలిసినది. 1978లో కరీంనగరమునకు ప్రత్యేక అధ్యక్ష మండలము ఏర్పడినది. ఆ మిషనువారే మెదకులో చార్లెస్ వాకర్ పాస్నెట్టు దొరగారి పూనికతో మహాదేవాలయమును కట్టించిరి. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడినది. శ్రోతలలో పలువురు దానిని చూచియుందురు. అందు మూడు పెద్ద రంగుటద్దముల కిటికీలున్నవి: ఒకదానియందు క్రీస్తు జననము, ఒకదానియందు సిలువ, ఒకదానియందు ఆరోహణము. సమాధినుండి లేచు గడియకు కిటికీ లేదు. చేయించినవారి ఉద్దేశమేదైనను, సువార్తలు చదివినవానికి ఇది తగియేయున్నదని తోచును. ఏలయన ఆ గడియను కన్నులార చూచినవాడు నాలుగు సువార్తలలోను ఒక్కడును లేడు. జనులు చూచినది తొలగియున్న రాయి, ఖాళీ సమాధి, ఆ పిమ్మట దర్శనమిచ్చిన ప్రభువు. లేచిన క్షణము మాత్రము మరుగుననేయున్నది.

ఆ వార్తను మొదట వినినవారు ఎట్లు వినిరి? సమాధియొద్దకు మొదట పోయినవారు మగ్దలేనే మరియ మొదలగు స్త్రీలు. ఆ కాలపు యూదుల న్యాయసభలలో స్త్రీల సాక్ష్యమునకు విలువ బహు స్వల్పము. వారు వచ్చి చెప్పినప్పుడు శిష్యులే దానిని వట్టి ప్రేలాపనగా ఎంచిరని లూకా వ్రాసెను. మార్కు సువార్తయొక్క అతి ప్రాచీనమైన సంపూర్ణ ప్రతులు రెండు, 4వ శతాబ్దమునకు చెందినవి, ఆ స్త్రీలు భయపడి పారిపోయి ఎవ్వరితోను ఏమియు చెప్పలేదను మాటతోనే ముగియుచున్నవి. ఇక మత్తయి సువార్త చివర, గలిలయ కొండమీద లేచిన ప్రభువును ఎదుట చూచి మ్రొక్కినవారిలోనే కొందరికి సందేహము కలిగెనని ఉన్నది. కట్టుకథ అల్లువారు ఇట్టి మాటలను మొదట తీసివేయుదురు. ఇది నిరూపణమని మేము అనము. సందేహించినవారి పేరు కొట్టివేయని గ్రంథమిది అని మాత్రము అందుము.

సందేహించినవారిలో ప్రసిద్ధుడు తోమా. ప్రభువు మొదటిసారి శిష్యులకు కనబడినప్పుడు అతడచ్చట లేడు. గాయములను చూచి, వేలు పెట్టి తాకిననే తప్ప నమ్మనని ఖండితముగా చెప్పెను. యోహాను సువార్త ప్రకారము ప్రభువు మరల వచ్చినది ఎనిమిది దినములకు. ఆ ఎనిమిది దినములను గూర్చి మన బోధలలో వినబడుట అరుదు. ఆ దినములలో తక్కినవారు తోమాను వెలివేయలేదు. నమ్మనివాడవు మాలో నీకేమి పని అని అనలేదు. తోమాయు అలిగి వెడలిపోలేదు. తలుపులు మూసిన ఆ ఇంటనే, నమ్మినవారును నమ్మనివాడును కూడియుండిరి. ప్రభువు వచ్చి అతని షరతునే అంగీకరించి గాయములను చూపెను. తోమా తాకెనని గ్రంథమున లేదు. చూచినంతనే అతని నోట నిండు విశ్వాసము వెలువడినది. ఈ తోమాయే క్రీ.శ. 52లో కేరళ తీరమున దిగి, తుదకు మద్రాసు మైలాపూరు ప్రాంతమున ప్రాణములిచ్చెనని పూర్వసంప్రదాయము. ఆ సంప్రదాయము ప్రకారము మన దేశమునకు పునరుత్థాన వార్తను తెచ్చినవాడు ఆ వార్తను మొదట నమ్మనన్నవాడే!

అయితే సందేహమునకు చోటున్నదనుట వేరు, నమ్ముటకు ఆధారమే లేదనుట వేరు. సువార్తలకంటె ముందు వ్రాయబడినది పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక, అది క్రీ.శ. 55 ప్రాంతమునకు చెందినది. అనగా సిలువ జరిగిన సుమారు 25 ఏండ్లకు. లేచిన క్రీస్తును చూచినవారి పట్టికను అతడందు వ్రాసెను: కేఫా, పండ్రెండుగురు, ఒక్కసారిగా 500 మందికి పైబడినవారు, యాకోబు, చివరకు తాను. ఆ 500 మందిలో ఎక్కువమంది అప్పటికి జీవించియేయున్నారనియు చేర్చెను. పోయి అడుగుడనియే దాని భావము. క్రీస్తు లేవనియెడల తమ విశ్వాసమంతయు వ్యర్థమేయని అతడు ఒప్పుకొనెను.

మరియొక చిన్న ఆధారము బట్టల ఊరివారికి నచ్చును. ఖాళీ సమాధిలో నారబట్టలు పడియున్నవనియు, తలకు చుట్టిన రుమాలు వేరుగా చుట్టిపెట్టియున్నదనియు యోహాను వ్రాసెను. దేహమును దొంగిలించువాడు సుగంధద్రవ్యములతో అంటుకొనియున్న బట్టలను ఊడదీసి, రుమాలును చుట్టిపెట్టునంత తీరిక ఎట్లు పొందునని 4వ శతాబ్దమున యోహాను క్రిసోస్టము తన ప్రసంగములో అడిగెను. బట్ట విలువ తెలిసిన ఊరిలో ఈ ప్రశ్నకు బలమున్నది.

ఆధునికుల సందేహమును దాచుట మా పద్ధతి కాదు. అద్భుతము జరిగెనని సాక్షి చెప్పినప్పుడు, ఆ సాక్షి పొరపడుటయే అంతకంటె పెద్ద అద్భుతమైననే తప్ప నమ్మరాదని 1748లో డేవిడ్ హ్యూము వాదించెను. 1820లో రాజా రామమోహన రాయలు యేసు ఉపదేశములను మాత్రము సంకలనము చేసి, అద్భుతములను విడిచిపెట్టి ప్రకటించిరి. శ్రీరాంపురపు మార్ష్‌మన్ పండితుడు దానిని ఖండింపగా వాదము నడిచినది. నీతి చాలును, లేచుట ఎందులకను మాట ఆనాటినుండి విద్యావంతులలో ఉన్నది.

దీనికి మన తెలుగువారే ఒకరు వేరు దారిలో బదులు పలికిరి. నెల్లూరున పుట్టిన పాండిపెద్ది చెంచయ్యగారు (1886-1959) న్యాయవాది. పుదుక్కోట సంస్థానమున న్యాయమూర్తిగా పనిచేసినవారు. 1938లో మద్రాసు మిత్రులతో కలిసి వెలువరించిన ఆంగ్ల వ్యాససంపుటములో క్రైస్తవమును భారతీయదృష్టితో మరల ఆలోచింపవలెననిరి. వారి దృష్టిలో క్రీస్తు క్రొత్త సృష్టికి మొదటి మానవుడు. ఆ ఆలోచనను అనుసరించి చూచినచో, పునరుత్థానము గడచిపోయిన ఒక వింత మాత్రమే కాదు. మానవజాతిలో ప్రవేశించిన క్రొత్త జీవము. అప్పుడు 'జరిగెనా' అను ప్రశ్న ప్రక్కన 'ఆ జీవము మీలో కనబడుచున్నదా' అను ప్రశ్నయు నిలుచును. రెండవదానికి గ్రంథములనుండి కాక నడవడినుండి జవాబు చెప్పవలెను.

ఆ జవాబు అవసరమగు చోటు దుఃఖించు ఇల్లు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మన ప్రాంతపు జీవనోపాధిని గురించి ఒక నానుడి కలదు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల చుట్టుపట్ల గ్రామములనుండి ఎందరో యువకులు గల్ఫు దేశములకు పోయిరి, పోవుచున్నారు. వారిలో కొందరు పెట్టెలో తిరిగివచ్చుదురు. ఆ పెట్టె వచ్చుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. కొందరిని అచ్చటనే మట్టిచేయుదురు. ముఖము చూడని తల్లికి కొడుకు మరణమే నమ్మశక్యముగాదు. వాకిట చెప్పుల చప్పుడైన లేచి చూచును. సమాధుల తోటలో పువ్వు ఉంచుటకు ఆమెకు సమాధియు లేదు. అట్టి తల్లి, "అయ్యగారూ, నా కొడుకు నిజముగా లేచునా?" అని అడిగినప్పుడు, ఆమెకు విశ్వాసము చాలలేదని చెప్పువాడు సువార్త చదువనివాడు.

లాజరు మరణించినప్పుడు అతని సహోదరి మార్త ఏమి చేసెనో చూడుడు. అంత్యదినమున తన సహోదరుడు లేచునని ఎరుగుదునని ఆమె యేసుతో అనెను. అంతకుముందే, నీవు సమయమునకు వచ్చినచో వాడు చావకపోవునని నిష్ఠూరమును ఆడెను. నమ్మకమును నిష్ఠూరమును ఒక్క నోటనే వచ్చినవి. యేసు ఆమెను మందలింపలేదు. లాజరును లేపబోవుచున్నవాడై యుండియు, సమాధియొద్దకు పోవుచు కన్నీరు విడిచెను. పునరుత్థానము నమ్మినవాడు ఏడువరాదను నియమము క్రీస్తునకే తెలియదు.

కనుక మా సంఘములకు మూడు మాటలు మనవి చేసికొందుము. ఆదివారపు బడిలో పిల్లవాడు ఇది ఎట్లు సాధ్యమని అడిగినచో నోరు మూయింపవలదు. తోమా కథ చెప్పి, అడుగనిండు. బజారులో పొరుగువాడు అడిగినచో పందెమువలె వాదింపవలదు; మేము నమ్మునది ఇది, ఎందుచేత నమ్ముచున్నామనగా ఇందుచేత అని నెమ్మదిగా చెప్పి, వాని మాటయు వినుడు. దుఃఖించు ఇంటికి పోయినప్పుడు వచనములు చదువుటకు తొందరపడవలదు. ఎనిమిది దినములు కూర్చుండుడు. నీళ్లు తోడిపెట్టుడు, అన్నము వండిపెట్టుడు, పెట్టె కొరకై కార్యాలయముల చుట్టు తిరుగువారి వెంట పొండు. నమ్మలేనివానికొరకు నమ్మగలవాడు కొంతకాలము నమ్మి నిలుచుటయే సంఘమునకు అర్థము.

మేము పునరుత్థానమును నమ్ముచున్నాము. ఆ నమ్మకములో సందేహము మా ఇంటికి వచ్చిన అతిథివంటిది. తలుపు వేసికొన్నను తట్టుచునేయుండును. లోపలికి పిలిచి కూర్చుండబెట్టినచో, తోమావలె అదియు ఒకనాడు సాక్షి కావచ్చును.