మేడ్చలులో ఒక పాటకచేరి



2022 డిసెంబరులో ఘంటసాల వేంకటేశ్వరరావుగారి శతజయంతి వచ్చినది. ఆ సందర్భమున మేడ్చలులో ఒక కల్యాణమండపమున జరిగిన పాటకచేరికి నేను శామీర్‌పేటనుండి వెళ్లితిని. నాకు సినిమాపాటలయందు మక్కువ తక్కువ. మా గురువులు రఘువంశము చెప్పినవారు. వారి యెదుట హార్మోనియము పేరెత్తుటకు గూడ జంకెడివారము. అయినను ఇరుగుపొరుగు వృద్ధులందఱు బయలుదేరగా ఒంటిగా ఇంట నుండలేకపోతిని.

సభలో తలలన్నియు నెఱసినవే. చేతికఱ్ఱలు కుర్చీల క్రింద నుండెను. గాయకునికంటె ముందే శ్రోతల పెదవులు కదలుచుండెను. ఒకచోట అతడు చరణము తప్పగా నలుదెసలనుండి సవరణలు! తబల తప్ప తక్కిన వాద్యములన్నియు యంత్రమునుండియే వచ్చినవి. అది నాకు రుచింపలేదు. ప్రక్కనున్న పెద్దమనిషి డేరాసినిమాలను తలచుకొనెను. ఆట మొదలగుటకు ముందు వేంకటేశ్వరస్వామిపై ఘంటసాలవారి పాట వినబడగానే టిక్కెట్టు కొఱకు పరుగెత్తెడివారట. 1974లో ఆయన కాలము చేసినప్పుడు వయస్సు ఏబదియొక్క యేండ్లే. ఆ సభలోని వారమందఱము ఆయనకంటె వృద్ధులమైతిమి.

తరువాత పద్యముల వంతు వచ్చెను. ఇక్కడ నేను కొంత చెప్పవలెను. పూర్వము నాటకములలో నటుడు మైకు లేకయే వందలమందికి వినిపింపవలసి యుండెను. గొంతెత్తి పాదాంతమున దీర్ఘరాగము తీయుటకు ఆ యవసరము కొంత కారణము. ఆ రాగములో అర్థము మునిగిపోయెడిది. ఘంటసాలవారు విజయనగరమున పట్రాయని సీతారామశాస్త్రిగారి యొద్ద నేర్చినవారు. మధుకరమెత్తి కడుపు నింపుకొని సాధించిన విద్య అది. మైకు ముందు అఱవ నక్కఱలేదని యెఱిగి రాగమును కుదించిరి. పదము విఱువవలసినచోట విఱిచిరి. సమాసమును చెదరనీయక పలికిరి. కరుణశ్రీగారి పుష్పవిలాపము అక్షరము రానివారి నాలుకపై గూడ నిలిచినదన్న, అందుకు ఆ పలుకే కారణము.

ఆ పద్యములు వినుచుండగా నా మనసు కలుక్కుమన్నది. ముప్పదియైదేండ్లనాటి మాట. నా తరగతిలో ఒక బాలుడు పుష్పవిలాపమును ఘంటసాల ఫక్కిలో ఎత్తుకొనెను. రెండవ పాదమున నాపి, “ఇది బడి, సినిమాకొట్టము కాదు” అని బెత్తము చూపితిని. గణవిభజన చెప్పుమంటిని. చెప్పలేక తల వంచెను. పిదప ఎన్నడును నా యెదుట పాడలేదు.

కచేరి ముగిసి వెలుపలికి వచ్చుచుండగా ఒకరు నా పాదములంటిరి. నెఱయుచున్న మీసము. అతడే! “పాడుచున్నావా?” అని యడిగితిని.

“లేదు సారూ, బడిలనే బంద్ చేసిన” అనెను. నవ్వుచునే అనెను.

ఇద్దఱము ఒకే ఆటోలో శామీర్‌పేటకు బయలుదేరితిమి. చెఱువు దగ్గఱకు వచ్చునప్పటికి నోరు విప్పి, నాటి తప్పు నాదని చెప్పితిని. గణములు రాకున్నను పదము నెక్కడ విఱువవలెనో ఆనాడే అతనికి తెలిసియుండెనని గూడ చెప్పితిని. అతడేమియు అనలేదు. కొంతసేపటికి సన్నగా ఆ పద్యమే ఎత్తుకొనెను. రెండవ పాదమున, నేనానాడు ఆపినచోటనే ఆగి, నావైపు చూచెను.

“కానిమ్ము” అంటిని.