రాజు ఎరువడిగిన పుస్తకము



గ్రంథాలయమునుండి పుస్తకము ఎరువు తీసికొనిపోవువారు పలువిధములుగా నుందురు. కొందరు గడువులోపలనే తెచ్చి యిత్తురు. కొందరు మరచిపోవుదురు. మరికొందరు అట్టమీద నూనెమరకతో తెచ్చి, తలవంచుకొని బల్లమీద పెట్టుదురు. 1647వ సంవత్సరమున ఇంగ్లండు దేశములో ఎరువిచ్చిన పుస్తకమొకటి బురదమరకతో తిరిగివచ్చినది. దానిని తీసికొన్నవాడు ఆ దేశపు రాజగు మొదటి చార్లెసు. ఇచ్చినవాడు జార్జి థామసన్ అను లండను పుస్తకవిక్రేత. ఆనాటికి రాజు తన ప్రజలతో యుద్ధము చేసి ఓడియుండెను. అట్టి రాజు ఒక దుకాణదారునొద్ద చిన్నపుస్తకము నడుగవలసిన స్థితి ఎట్లు వచ్చెనో తెలియుటకు ఇంగ్లండు అంతర్యుద్ధచరిత్ర కొంత తెలిసికొనవలెను.

ఆ కలహమునకు మూలము వందయేండ్లకు పూర్వముననే కలదు. 1534వ సంవత్సరమున ఎనిమిదవ హెన్రీ రోమునగరమందలి పోపుతో తెగతెంపులు చేసికొని, ఇంగ్లండు చర్చికి తానే అధిపతి యయ్యెను. రాజు మతమే ప్రజల మతము కావలెనను నియమ మేర్పడెను. సింహాసనము మారినపుడెల్ల ప్రార్థన మారజొచ్చెను. హెన్రీ కుమార్తె మేరీ కాథలిక్కు మతమును తిరిగి నెలకొల్పి, 1555 మొదలు 1558 వరకు సుమారు 280 మంది ప్రొటెస్టంటులను సజీవదహనము చేయించెను. ఆమె చెల్లెలు ఎలిజబెత్తు ప్రొటెస్టంటు మతమును పునరుద్ధరించెను. ఆమె కాలమున కాథలిక్కు గురువులు అనేకులు ఉరికంబ మెక్కిరి. ఒకరి భక్తి మరియొకరి కంటికి రాజద్రోహ మయ్యెను.

1625వ సంవత్సరమున చార్లెసు రాజయ్యెను. రాజు భగవంతునకు తప్ప అన్యులకు జవాబుదారి కాడని ఆయన నమ్మకము. 1629 మొదలు 1640 వరకు పార్లమెంటును పిలువకయే పాలించెను. యుద్ధకాలమున సముద్రతీరమువారు ఓడలకొర కిచ్చు పన్నును, శాంతికాలమున దేశమంతటినుండియు వసూలు చేయించెను. 1633లో క్యాంటర్‌బరీ ఆర్చిబిషప్పయిన విలియం లాడ్ చర్చిలలో పూజావిధులను ఆడంబరముగ మార్చెను. నిరాడంబరమైన ఆరాధనను కోరు ప్యూరిటనులు దేశము మరల కాథలిక్కు మార్గమున పోవుచున్నదని భయపడిరి. రాణి కాథలిక్కగుటచే ఆ యనుమానము మరింత బలపడెను.

ఆ భయమును పైకి చెప్పుకొనుటకు మార్గము లేదు. 1637లో బిషప్పులను విమర్శించి వ్రాసినందుకు ప్రిన్ అను న్యాయవాదికి, బర్టన్ అను మతాచార్యునకు, బాస్ట్‌విక్ అను వైద్యునకు స్టార్ ఛాంబరు న్యాయస్థానము చెవులు కోయించు శిక్ష విధించెను. అదే సంవత్సరమున ఆ న్యాయస్థానము లండనులో ముద్రాపకుల సంఖ్యను 20కి పరిమితము చేసెను. అధికారుల ముందనుమతి లేక ఏ పుస్తకమును అచ్చువేయరాదని శాసించెను. మాటను అణచిన మనసు కూడ అణగునని పాలకులు తలచిరి.

మనసు అణగలేదు. ఆ 1637లోనే స్కాట్లండు ప్రజలపై రాజు క్రొత్త ప్రార్థనపుస్తకమును విధింపగా, ఎడింబరోలోని సెంట్ జైల్స్ చర్చిలో ఆ పుస్తకము చదువ మొదలిడినంతనే అల్లరి చెలరేగెను. మరుసటి యేట స్కాట్లండువారు తమ మతమును కాపాడుకొందుమని ప్రతిజ్ఞాపత్రముపై చేవ్రాళ్లు చేసిరి. వారితో యుద్ధము చేయుటకు ధనము లేక, 1640 నవంబరు 3వ తేదీన చార్లెసు పార్లమెంటును సమావేశపరుప వలసివచ్చెను. ఆ పార్లమెంటు లాడ్‌ను చెరలో నుంచెను. 1641లో స్టార్ ఛాంబరును రద్దుచేసెను. దానితో ముద్రణపైనున్న కట్టడి సడలెను. ఆనకట్ట తెగిన యేరువలె చిన్నపుస్తకములు, ప్రసంగములు, మనవులు, వార్తాపత్రికలు లండను వీథులలో ప్రవహించెను. సాలెవారు, చెప్పులు కుట్టువారు సైతము వేదవాక్యమువలె తాము నమ్ము బైబిలుకు అర్థము చెప్పుచు ప్రసంగింపజొచ్చిరి.

అప్పుడు థామసన్ ఒక పని కారంభించెను. ఆయన దుకాణము సెంట్ పాల్ చర్చి ప్రాంగణమున, గులాబిపువ్వు కిరీటము గుర్తుగాగల యింట నుండెను. ప్రతిదినము అచ్చయి వచ్చు చిన్నపుస్తకములను, ఒంటికాగితములను దొరకినంతవరకు సేకరించి, వానిలో పెక్కింటిపై అవి తనచేతికి వచ్చిన తేదీని వ్రాసి దాచెను. రాజపక్షమా, పార్లమెంటు పక్షమా, బిషప్పులవా, వారి శత్రువులవా అని యెంచలేదు. 1642వ సంవత్సర మొక్కదానిలోనే సుమారు 2,000 చేరినవి. థామసన్ తటస్థుడు కాడు. ఆయన ప్రెస్బిటీరియను మతశాఖవాడు. తొలుత పార్లమెంటు నభిమానించినవాడు. అయినను తన అభిమానమును బీరువాతలుపుకు కావలి పెట్టలేదు.

1642 జనవరి 4వ తేదీన రాజు సాయుధులతో కామన్సు సభలో ప్రవేశించి అయిదుగురు సభ్యులను పట్టుకొనబోయెను. వారు ముందే తప్పించుకొనిరి. ఆగష్టు 22వ తేదీన నాటింగుహాములో రాజు యుద్ధధ్వజ మెత్తెను. అక్టోబరున ఎడ్జ్‌హిల్లు వద్ద సేనలు తలపడెను. గ్రామములు చీలినవి; కుటుంబములు చీలినవి. 1644లో మార్‌స్టన్ మూరువద్దను, 1645 జూను 14వ తేదీన నేస్బీవద్దను రాజసేన లోడిపోయెను. ఆ విజయములలో ఆలివర్ క్రాంవెల్ అను ప్యూరిటను సేనాని పేరు మ్రోగెను. కత్తి, జ్వరము కలిసి ఇంగ్లండులో సుమారు రెండు లక్షలమందిని బలిగొనెనని చరిత్రకారుల అంచనా. ఆనాటి జనసంఖ్య సుమారు అరకోటి మాత్రమే.

కత్తులతోపాటు అక్షరములును పోరాడినవి. ఆక్స్‌ఫర్డునుండి రాజపక్షపు పత్రిక వెలువడగా, లండనునుండి దానికి ప్రత్యుత్తరముగ పార్లమెంటు పక్షపు పత్రిక వెలువడుచుండెను. నేస్బీయందు చిక్కిన రాజుగారి రహస్యలేఖలను పార్లమెంటు అచ్చువేసి ప్రజలముందు పెట్టెను. అన్యదేశముల సైన్యమును, ఐర్లండు కాథలిక్కుల సైన్యమును తన ప్రజలపైకి తెచ్చుటకు రాజు యత్నించెనని ఆ లేఖలవలన లోకమునకు తెలిసెను. యుద్ధభూమిలో పోయినదానికంటె ఆ చిన్నపుస్తకమువలన రాజునకు పోయిన పరువు తక్కువది కాదు.

ఇక ఎరువుపుస్తకపు కథ. 1647లో రాజు సైన్యము నిర్బంధమున నున్నపుడు పూర్వ మచ్చయిన చిన్నపుస్తక మొకటి కావలసివచ్చెను. అది ఎందును దొరకలేదు. పుస్తకములు దాచువాడొకడు కలడని విని, రాజసేవకులు ఇద్దరు థామసన్ కడకు వచ్చిరి. రాజు అడిగినను థామసన్ సంకోచించెను. ఒక్కటి పోయినను మరల తెచ్చి నింపుట అసాధ్యమని, తిరిగి ఇప్పింపవలెనని విన్నవించుకొని యిచ్చెను. రాజు నిర్బంధమునుండి తప్పించుకొని వైటుదీవికి పోవుచు దానిని బురదలో జారవిడిచెను. ప్రాణభయముతో పోవుచున్నవాడు ఒక పుస్తకమును మరచిన తప్పెన్నువారు లేరు. కాని చార్లెసు దానిని ఎత్తించి, యజమానికి ధన్యవాదములతో చేర్పవలెనని ఆజ్ఞాపించి పంపెను. థామసన్ ఆ మరకను తుడిచివేయక, దాని కథను వ్రాసి పెట్టెను.

ఆ సంవత్సరముననే, అక్టోబరు నవంబరు నెలలలో పట్నీ గ్రామపు చర్చిలో గెలిచిన సైనికులు సమావేశమై, ఓటుహక్కు ఎవరికుండవలెనని వాదించిరి. తాను లోబడవలసిన ప్రభుత్వమునకు పేదవాని సమ్మతియు ఉండవలెనని కర్నలు రెయిన్‌బరో పలికెను. ఆస్తిలేనివానికి ఆ హక్కు లేదని ఐర్టన్ ఎదిరించెను. ఆ సంవాదమును విలియం క్లార్కు అను కార్యదర్శి వ్రాసికొనెను. ఆ వ్రాత రెండువందల యేండ్లకు పైగా అచ్చుకాక మరుగున నుండి, తుదకు ఆక్స్‌ఫర్డులోని వుస్టరు కళాశాల గ్రంథాలయమునుండి వెలికివచ్చి, 1891లో అచ్చయినది. ఎవరును అడుగని పుస్తకమునుగూడ బీరువాలో నుంచవలసినది ఎందులకో దీనివలన తెలియును.

విజేతలు విచారణ జరిపి, 1649 జనవరి 30వ తేదీన చార్లెసునకు శిరశ్ఛేదము చేయించిరి. ఆయన పేర వెలువడిన ప్రార్థనల పుస్తకము ఆ యొక్క యేటనే 30కి పైగా ముద్రణలు పొందెను. తల నరకబడిన రాజు పుస్తకరూపమున మరల లేచి నిలిచెను. రాచరికము రద్దయ్యెను, ప్రభువుల సభయు రద్దయ్యెను. 1653లో క్రాంవెల్ లార్డు ప్రొటెక్టరు అను పేర అధికారము వహించెను. అంతకు పూర్వము 1649లో అతడు ఐర్లండులో ద్రోగెడా పట్టణమును పట్టుకొని కాథలిక్కులను నిర్దయముగ చంపించియుండెను. తన మనస్సాక్షికి స్వేచ్ఛ కోరి కత్తిపట్టిన చేయి ఇతరుల మనస్సాక్షిని గుర్తింపలేదు.

ముద్రణవిషయమునను అట్లే జరిగెను. స్టార్ ఛాంబరును కూల్చిన పార్లమెంటే 1643 జూనులో, ముందనుమతి లేక పుస్తకములు అచ్చువేయరాదని తానును శాసించెను. మహాకవి జాన్ మిల్టను దాని నెదిరించి 1644 నవంబరున అరియోపజిటికా అను గ్రంథము రచించి, అనుమతి లేకయే ప్రకటించెను. సత్యాసత్యములను బహిరంగముగ తలపడనీయవలెనని ఆయన వాదించెను. థామసనుకు గ్రంథకర్త స్వయముగ నిచ్చిన ప్రతి నేటికిని కలదు. అయినను అట్టి మిల్టను కాథలిక్కు మతమునకు ఆ స్వేచ్ఛను అంగీకరింపలేదు. తాను ప్రభుత్వోద్యోగియైన పిమ్మట 1651లో ఒక వార్తాపత్రికకు అనుమతినిచ్చు అధికారిగ పనిచేసెను. 1655లో క్రాంవెల్ ప్రభుత్వము రెండు అధికారపత్రికలు తప్ప దాదాపు అన్నిటిని ఆపించెను. అణగియున్నపుడు స్వేచ్ఛ కోరుట సులభము; అధికారము చేజిక్కినపుడు దానిని పరులకిచ్చుట దుర్లభము.

1658లో క్రాంవెల్ మరణించెను. 1660లో చార్లెసు కుమారుడు రెండవ చార్లెసు సింహాసనమెక్కెను. చక్ర మింకొకసారి తిరిగెను. అప్పటికి చూపు కోల్పోయియున్న మిల్టనుని పుస్తకములను తలారిచేత బహిరంగముగ కాల్పించిరి. 1662లో ముద్రణపై క్రొత్త శాసనము వచ్చెను. ప్రభుత్వ ప్రార్థనవిధుల కొప్పుకొనని మతాచార్యులు అనేకులు పదవులు కోల్పోయిరి.

ఈ ఇరువది యేండ్లును థామసన్ సంగ్రహము ఇల్లువిడిచి తిరుగాడెను. ఏ సేన వచ్చునో, ఎవరు తగులబెట్టుదురో యని ఆయన పుస్తకములను దూరపు పల్లెలకు పంపెను, మరల తెప్పించెను, ఇంకొకచోట దాచెను. 1651లో ప్రభుత్వవ్యతిరేకపు కుట్రలో పాల్గొనెనన్న ఆరోపణపై కొన్ని వారములు చెరలో నుండెను. అయినను సేకరణ మాన లేదు. 1661 నాటికి సుమారు 22,000 ముద్రితములు చేరినవి. ఆయన 1666లో మరణించెను. ఆ సంవత్సరముననే లండనులో మహాగ్నిప్రమాదము సంభవించి, సెంట్ పాల్ ప్రాంగణపు పుస్తకవిక్రేతల సరుకంతయు బూడిదయయ్యెను. థామసన్ సంపుటములు మిగిలినవి. చాలకాలము వానిని కొనువారే లేకపోయిరి. సుమారు నూరేండ్లకు మూడవ జార్జిరాజు కొరకు వానిని 300 పౌనులకు కొనిరి. రాజు 1762లో బ్రిటిషు మ్యూజియమునకు దానము చేసెను. నేడవి లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున భద్రముగ నున్నవి.

1689లో ప్రొటెస్టంటు శాఖలు అనేకమునకు ఆరాధనాస్వేచ్ఛ లభించెను. 1695లో ముద్రణపు ముందనుమతి శాసనము గడువుతీరి మరల రాలేదు. కాథలిక్కులు పార్లమెంటులో కూర్చుండుట కింకను 1829 వరకు వేచియుండవలసివచ్చెను. ఎన్ని తలలు తెగినను ఒక పక్షము రెండవదానిని నమ్మింపలేకపోయెను. ఇరువురును ఒక ఊరిలో బ్రతుకవలెనను బుద్ధి ఆలస్యముగ కలిగెను.

నాడు రాజును ప్రేమించినవారు పార్లమెంటు పుస్తకములను కాల్చగోరిరి. పార్లమెంటును ప్రేమించినవారు రాజపక్షపు పుస్తకములను కాల్చగోరిరి. ఇరువురి కోరికయు నెరవేరియున్నచో ఇరువురి కథయు నశించియుండెడిది. ఏ పక్షపు పుస్తకమునైనను తేదీవేసి దాచిన వ్యాపారివలన ఇరువురి మాటయు నిలిచినది. గ్రామములో వాదములుండును, పక్షములుండును. గ్రంథాలయపు బీరువాలో మాత్రము రెండు పక్షముల పుస్తకములును ప్రక్కప్రక్కన నిలువవలెను. చదువరి రెండును చదివి తానే నిర్ణయించుకొనవలెను.

ఇక ఎరువు తీసికొనువారికి ఒక్కమాట. రాజ్యము పోయి, స్వేచ్ఛ పోయి, ప్రాణము పోవనున్న దినములలో మొదటి చార్లెసు ఒక చిన్నపుస్తకమును యజమానికి తిరిగి పంపెను. దానిపై బురదయున్న నుండుగాక, పుస్తకము మాత్రము తన స్థానమునకు చేరెను.