లైటు తెరవమంటాడు



ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే చైనా విద్యార్థి చీకటి గదిలోకి వచ్చి ‘ఓపెన్ ద లైట్’ అనేస్తుంటాడు. నవ్వకండి, అతని లెక్క అతనికుంది. చైనీస్‌లో ‘ఖాయ్’ అనే క్రియ ఒకటుంది. తలుపు తెరవడం, లైటు వెయ్యడం, కారు నడపడం, మీటింగు పెట్టడం, డాక్టరు మందులు రాయడం, పువ్వు విచ్చుకోవడం, ఆఖరికి నీళ్లు మరగడం కూడా ‘ఖాయే’! పాత లిపిలో ఆ అక్షరం చుట్టూ తలుపు రెక్కలు ఉండేవి. 1956 నాటి లిపి సరళీకరణలో అవి ఊడిపోయాయి.

మనమేం తక్కువ? తలుపు వెయ్యమంటే మూస్తాం, ఫ్యాను వెయ్యమంటే తిప్పుతాం.

ఇంగ్లీషు ‘ఓపెన్’ అంత దూరం పోదు. తలుపు, పుస్తకం, డబ్బా, బ్యాంకు ఖాతా వరకూ సరే. స్విచ్చు వేసేవాటికి ‘టర్న్ ఆన్’, కారుకు ‘డ్రైవ్’. అయితే కళ్లకూ నోటికీ ఇంగ్లీషులో ‘ఓపెన్’ ఒక్కటే చాలు. చైనీస్‌లో కళ్లు తెరవడం ‘జంగ్’, నోరు తెరవడం ‘జాంగ్’.

అసలు చిక్కు దుకాణం బోర్డు దగ్గర వస్తుంది. మూసి ఉంటే ‘క్లోజ్డ్’ అని రాస్తారు కదా, తెరిచి ఉంటే ‘ఓపెన్డ్’ అనాలని విద్యార్థి అనుకుంటాడు. న్యాయమే! కానీ తెరిచి ఉన్న స్థితికి ఒట్టి ‘ఓపెన్’ చాలు. పొద్దున తొమ్మిదింటికి యజమాని షట్టరు ఎత్తాడు చూడండి, ఆ జరిగిపోయిన పనికే ‘ఓపెన్డ్’.