థైరాయిడు మాత్రయు పంపరపనసయు

థైరాయిడు మాత్ర వాడువారు గ్రేప్‌ఫ్రూట్ తినరాదను మాట నేడు పల్లెలలో సైతము వినవచ్చుచున్నది. అమెరికాలోని బిడ్డలు ఫోనులో చెప్పిన ఈ మాట విని, ఆ పండేదో తెలియక ద్రాక్షపండ్లనే మానివేయువారు ఉండవచ్చును. మహదేవపూరువంటి ఊళ్ళ అంగళ్ళలో గ్రేప్‌ఫ్రూట్ కనబడుట అరుదు. కావున ముందు ఆ పండు సంగతి చెప్పి, పిదప మాత్ర సంగతికి వత్తుము.

గ్రేప్‌ఫ్రూట్ ద్రాక్ష కాదు. ద్రాక్షవలె గుత్తులుగా కాయుటచే దానికాపేరు వచ్చినదందురు. అది పంపరపనసకును తియ్యనారింజకును కలిగిన సంకరము. 18వ శతాబ్దమున బార్బడోస్ ద్వీపమున పుట్టినది. పంపరపనసలోనున్న ఫ్యూరానోకౌమరిన్లను పదార్థములు దీనికిని సంక్రమించినవి. మన ప్రేవుల గోడలలో ఒక ఎంజైము కలదు. కొన్ని మందులు రక్తములో చేరకమునుపే అది వానిని కొంతవరకు విరిచివేయును. ఈ పదార్థములు ఆ ఎంజైమును పనిచేయనీయవు. అప్పుడు మందు మోతాదుకు మించి రక్తమున చేరును. ఫెలోడిపిన్ అను రక్తపుపోటు మందు విషయమున కెనడాలోని డేవిడ్ బెయిలీ బృందము ఈ సంగతిని 1991లో లాన్సెట్ పత్రికలో వెల్లడించినది.

ఇక థైరాయిడు మాత్ర. అందలి మందు పేరు లీవోథైరాక్సిన్. దానిని విరుచుట ప్రధానముగా ఆ ఎంజైము పని కాదు. 2005లో ఫిన్లండులో ఆరోగ్యవంతులపై పరీక్షింపగా, గ్రేప్‌ఫ్రూట్ రసమువలన ఆ మందు రక్తమున చేరుట సుమారు పదవవంతు తగ్గినది. అనగా ఇచట కలుగునది హెచ్చు కాదు, స్వల్పమైన తగ్గుదల. ఎప్పుడో నాలుగు తొనలు తిన్నందుకు భయపడనక్కరలేదు. నిత్యము గ్లాసులకొలది రసము త్రాగువారు మాత్రము వైద్యునితో చెప్పవలెను.

అయితే థైరాయిడు మాత్రతోపాటు రక్తపుపోటుకో, కొలెస్టరాలుకో వేరు మాత్రలు వాడువారు పలువురు కలరు. ఫెలోడిపిన్, సింవాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ వంటివానికి గ్రేప్‌ఫ్రూటే కాదు, పెరటి పంపరపనసయు సరిపడకపోవచ్చును. ఉదయము మందు, సాయంకాలము పండు అను ఉపాయము పనికిరాదు. ఎంజైము కోలుకొనుటకు ఒకటి మొదలు మూడు దినములు పట్టును. నల్లగొండ బత్తాయి తియ్యనారింజ జాతిది. దానికి ఈ గుణము లేదు.

థైరాయిడు మాత్రకు అంతకంటె పెద్ద అడ్డంకులు మన ఇండ్లలోనే కలవు. అవి కాఫీ, పాలు, సున్నపు మాత్రలు, ఇనుపధాతువు మాత్రలు. దసలిపట్టు పురుగులను కాచుటకు వేకువనే మద్దిచెట్ల కడకేగువారు చాయతోపాటు మాత్రయు మ్రింగి బయలుదేరుట సులభమే. కాని మందు పూర్తిగా ఒంటబట్టదు. మాత్రను పరగడుపున మంచినీటితో మ్రింగి, అర్ధగంటనుండి గంటవరకు ఆగవలెను. అది కుదరనివారు వైద్యుని అనుమతితో రాత్రి భోజనమైన మూడు గంటలకు, పడుకొనబోవునప్పుడు వేసికొనవచ్చును.

గర్భిణుల విషయమున ఈ జాగ్రత్త మరింత ముఖ్యము. తొలి మాసములలో గర్భస్థ శిశువునకు థైరాయిడు హార్మోను తల్లినుండియే అందవలెను; శిశువు మెదడు పెరుగుదలకు అది అవసరము. గర్భము నిలిచినదని తెలిసినంతనే వైద్యునికి చెప్పి రక్తపరీక్ష చేయించుకొనవలెను, పలువురికి మోతాదు పెంచవలసివచ్చును. ఆరోగ్య కేంద్రమునుండి ఆశా కార్యకర్త తెచ్చియిచ్చు ఇనుపధాతువు, కాల్షియము మాత్రలును గర్భిణికి కావలసినవే. వానిని మానరాదు, థైరాయిడు మాత్రకును వానికిని నాలుగు గంటల యెడముంచిన చాలును.

మేము చెప్పదలచినది ఇంతే. పండును గురించిన భయముతో మాత్రను ఎవరును మానరాదు. ఆస్పత్రికి పోవునప్పుడు ఇంటనున్న మందు పట్టీలన్నియు సంచిలో వేసికొనిపోయి వైద్యునికి చూపుడు. ఏ మాత్ర ఎప్పుడు వేసికొనవలెనో, ఏ పండు మానవలెనో ఆయననే అడిగి, ఆ వేళలను కాగితముపై వ్రాయించుకొనుడు.