చింతచెట్టుపై కాపురముండు పక్షులు

చింతచెట్టనగానే మనకు చారు, పులిహోర, వేసవి తొలిరోజుల చింతచిగురు పప్పు జ్ఞప్తికి వచ్చును. అయితే ఆ చెట్టులో మనతోపాటు వాటా గలవారు మఱికొందఱున్నారు. వారిని గూర్చి నేడు ముచ్చటించుకొందము.

శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలమున వీరాపురమను పల్లె కలదు. ఏటేట ఎఱ్ఱకాళ్ళ కొంగలు అచ్చటికి వచ్చి, ఇండ్ల నడుమనున్న చింతచెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలు ఎగుర నేర్చిన పిమ్మట మరలిపోవును. కర్ణాటకమున మండ్య జిల్లాలోని కొక్కరె బెళ్ళూరులోను ఇదే వింత. అచ్చట గూడబాతులును చింతలనే ఆశ్రయించును.

ఈ చెట్టే ఏల? గూడబాతు నాలుగైదు కిలోల బరువుండును. అట్టి పక్షులు సంసారముతో దిగినను విఱుగని కొమ్మ చింతకొమ్మ. వేరు లోతు, మాను గట్టి. గాలివానకును సులభముగా కూలదు. ముసలిమాను తొఱ్ఱలలో చిలుకలు, గుడ్లగూబలు చేరును. పూతకు తేనెటీగలు, పండుకు కోతులు వచ్చును.

కాని చిక్కొకటి కలదు. పండు దులుపు కాలమును, గూళ్ళ కాలమును ఇంచుమించు ఒక్కటే. గడకఱ్ఱతో కొమ్మ దులిపినచో గూడు రాలును. దులుపకున్నచో రైతునకు రాబడి పోవును. కొక్కరె బెళ్ళూరున అటవీశాఖవారు చెట్టు యజమానికి పరిహార మిచ్చు ఏర్పాటు చేసిరి. పక్షిపై దయకు వెల కలదనియు, ఆ వెల యొక్క రైతే మోయుట న్యాయము కాదనియు దీనివలన మనము గ్రహింపవలెను.

ఇందుకు మనము చేయదగినది చెట్లను పెంచుటయే. చేనిలో అంటుమొక్క నాటుదము. అది నాలుగైదేండ్లకే కాపునకు వచ్చును. చెఱువుగట్టున, ఊరి బంజరున గింజమొక్క నాటుదము. దాని కాపునకు ఎనిమిది పదేండ్లు పట్టినను, మాను ఎత్తుగా, విశాలముగా పెరుగును. కొంగలకు కావలసినది అదియే. గింజలను ఒక రాత్రి నానబెట్టి సంచులలో విత్తవలెను. మొక్క నిలద్రొక్కుకొన్న పిమ్మట, మీటరు గోతిలో పశువుల ఎరువు కలిపి, తొలకరిలో పది మీటర్ల కొకటి చొప్పున నాటవలెను. మేకలు మేయకుండ ముళ్ళకంప కట్టి, మొదటి రెండు వేసవులు నీరు పోసినచో చాలును. అటుపై అది మన నడుగదు.

చేనిచెట్టు రైతు ఇల్లు నడపినచో, గట్టుమీది చెట్టును పక్షులకు విడుచుట కష్టము కాదు. ముసలిచెట్టు కూలిన నాడు క్రొత్తది నాటి ప్రయోజనము లేదు. గూడు మోయు కొమ్మ ఒక్కయేట రాదు. కనుక పాతచెట్టు నిలిచియున్నప్పుడే దాని ప్రక్కన పిల్లచెట్టును పెంచుదము.